సండాసులో సైకిలు

మా ఊళ్ళో కట్టిన మొట్టమొదటి మరుగుదొడ్డిలోకి మొట్టమొదట వెళ్ళింది మనిషి కాదు, నా సైకిలు. మా వైపు దాన్ని సండాసు అంటారు. లక్డారంలో ఆ కాలాన సిమెంటు నేల, సిమెంటు కప్పు, గొళ్ళెం పడే తలుపు ఉన్న గది అదొక్కటే. అది పూర్తయిన రోజుల్లోనే పటాన్‌చెరువులో కొత్తగా మొదలైన ఒక ఫ్యాక్టరీలో నేను స్టోరు గుమాస్తాగా చేరి సైకిలు కొనుక్కున్నాను. ఖాళీ గది కనపడితే అందులో ఏదో ఒకటి సర్దడం ఉద్యోగరీత్యా నాకు పట్టుకున్న జబ్బు. కూర్చునే బేసిన్ మీద ఒక చెక్క పరిచి, దాని మీద సైకిలును నిలబెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని, ఇంత తెలివైనవాడు ఈ ఇంట్లో ఎలా పుట్టాడా అని నాలో నేనే ఆశ్చర్యపోయాను. ఆ తర్వాత మా అమ్మ కూడా అదే ఆశ్చర్యాన్ని అవే మాటల్లో వెలిబుచ్చింది. గొంతు మాత్రం వేరు.

ఈ సైకిలు సంగతి నేను మరచిపోకుండా ఇన్నేళ్ళూ కాపాడినవాడు మా బావ. అక్క మొగుడు, హత్నూర మనిషి. మొన్న మా మేనకోడలు అమీన్‌పూర్‌లో కొత్త ఫ్లాటు కొనుక్కొని గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకుంటే అందరం వెళ్ళాం. బావ చేతికర్ర ఆనించుకుంటూ చుట్టాలందరినీ వెంటేసుకొని ఇల్లంతా తిప్పాడు. హాలు చూపించలేదు, వంటిల్లు చూపించలేదు. నేరుగా బాత్రూముల దగ్గరికే తీసుకుపోయాడు. "సూడుర్రి, అర్రకొక బాత్రూము. గిది గ్లాసు తలుపు. గిండ్ల వేడినీళ్ళు నల్లా తిప్పుతె వస్తయి," అని ఒక్కొక్క తలుపే తెరుస్తూ, చివరి తలుపు దగ్గర ఆగి, భుజం మీద చెయ్యి వేసి నన్ను ముందుకు నెట్టాడు. "గీయన మా బామ్మర్ది. సండాసు కట్టిస్తె అండ్ల సైకిలు వెట్టిండు! బామ్మర్దీ, ఇండ్ల కారు గూడ పడ్తది, తెచ్చినవా మరి?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా మనసు ఆ గ్లాసు తలుపు దాటి, మా లక్డారం పెరట్లోకి వెళ్ళిపోయింది.

మా అమ్మ ఊళ్ళోని మిషన్ బడిలో టీచరు. నాయిన వ్యవసాయం. ఊరంతటికీ ఆమె టీచరమ్మ, మాకు కూడా సగం టీచరమ్మే. ఎర్ర సబ్బు వాసన, సుద్దముక్క వాసన కలిసి ఆమె కొంగులో ఉండేవి. బడికి వెళ్ళే ముందు గోర్లు చూసేది, వచ్చాక చేతులు చూసేది, మధ్యలో మమ్మల్ని చూసేది. ఇంట్లో ఆమె మాట చెల్లని చోటు ఒక్కటే ఉండేది, అది ఇంటి బయట ఉండేది. ఊరికి ఎగువన తంగేడు పొదలతో నిండిన గడ్డ. తెల్లవారకముందే ఆడవాళ్ళు గుంపుగా అటు వెళ్ళేవారు. మా నాయనమ్మ ఆ గుంపుకు పెద్ద. పొద్దెక్కాక మగవాళ్ళ వంతు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క చెంబు. ఆ చెంబుల్లో కూడా హోదాలుండేవి. మా నాయినది బరువైన ఇత్తడి చెంబు. ఆయన దాన్ని పట్టుకొని నడుస్తుంటే ఏదో పంచాయితీ తీర్చడానికి వెళ్తున్నట్టే ఉండేది. తిరిగి వచ్చాక బూడిదతో తోమి, పశువుల కొట్టంలో గోడ మేకుకు బోర్లించేవాడు. ఆ చెంబు ఇంట్లోకి రాదు. ఇంట్లోని గిన్నె బయటికి పోదు. ఎవరూ రాయకపోయినా ఎవరూ తప్పని చట్టం అది.

గడ్డ ఎగువన ఉంది. ఊరు తాగే ఊటబావి దిగువన ఉంది. ఈ రెండు సంగతులూ అందరికీ తెలుసు. కాని రెండింటినీ కలిపి ఆలోచించింది మా అమ్మ ఒక్కతే. అలా ఆలోచించడానికి ఆమె చెల్లించిన మూల్యం మా తమ్ముడు. ఒక వానాకాలం ఊళ్ళోకి గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు. ఉదయం బావి గట్టున గోళీలాడిన పిల్లవాడు మరుసటి ఉదయానికి లేడు. వాడి గురించి అమ్మ మాట్లాడగా నేను విన్నది ఒక్కసారే. వాడు పోయిన కొన్నాళ్ళకు పెద్ద వాన పడింది. గొంగడి కప్పుకొని అమ్మ బావి దగ్గర నిలబడి ఉందని ఎవరో చెబితే నాయినా నేనూ పరుగెత్తాం. గడ్డ మీది నుంచి ఎర్రనీళ్ళు పాయలు పాయలుగా దిగి, బావి గట్టు పగుళ్ళలోకి ఇంకుతున్నాయి. ఆమె నాయిన చెయ్యి పట్టుకొని చూపించింది.

"సూడయ్యా. ఏడికెల్లి వస్తున్నయి, ఏడికి వోతున్నయి, నువ్వే సూడు. మన చిన్నోడు తాగింది గివ్వే."

నాయిన గొంగడి సర్ది ఆమెను ఇంటికి తీసుకువచ్చాడు.

ఆ మరుసటి ఏడు అక్కకు నెల తప్పింది. తొలి కాన్పు కాబట్టి పురుడు మా ఇంట్లోనే. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే మళ్ళీ వానలు వస్తాయి. అమ్మ లెక్కలన్నీ అక్కడి నుంచి వెనక్కి వేసుకుంది. పచ్చి బాలింత ఆ గడ్డెక్కకూడదు, చంటిపిల్ల ఉన్న ఇంట్లోకి ఆ గడ్డ దిగి రాకూడదు. తన జీతంలోంచి మిగిల్చి, సంగారెడ్డి నుంచి మేస్త్రీని పిలిపించి, బావికి దూరంగా పెరట్లో ఒక మూల గుంట తీయించి, సిమెంటు రింగులు దింపించి, పైన గది కట్టించింది. మేస్త్రీ పని దొరికిన సంతోషంలో తలుపు మీద ఒక పువ్వు కూడా చెక్కాడు. సున్నం వేసేసరికి మా పెంకుటింటి వెనుక ఆ గది కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోయింది. సరిగ్గా అప్పుడే అమ్మ టీచర్ల శిక్షణకని సంగారెడ్డి వెళ్ళింది, తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టింది.

ఆమె సంచీ దించకుండా నేరుగా పెరట్లోకే వెళ్ళింది. తలుపుకు తాళం చూసి నన్ను పిలిచింది. తెరిచాను. ఎదురుగా నా సైకిలు. దాని వెనుక నాయిన పేర్చిన విత్తనపు జొన్నల బస్తాలు. కిటికీ గూట్లో నాయనమ్మ మామిడికాయ తొక్కు జాడీ, మూతికి తెల్లగుడ్డ కట్టి. నిజానికి మేం ముగ్గురం ఒకరికొకరం చెప్పుకోకుండానే ఆ గదికి వచ్చాం. మా ఇంట్లో ఏకాభిప్రాయం కుదిరింది జీవితంలో ఆ ఒక్క విషయంలోనే.

"గిదేందత్తమ్మా? తొక్కు తెచ్చి గిండ్ల వెట్టినవా?" అంది అమ్మ.

"సల్లగుంటది బిడ్డా, ఖరాబు గాదు," అంది నాయనమ్మ. "అయినా గింత సక్కటి అర్ర గట్టిచ్చి అండ్ల దొడ్డికి కూసుంటమా? ఎవలన్న ఇంటె నవ్వుతరు."

"ఎలుకలు సొర్రవే ఇండ్ల," అన్నాడు నాయిన జొన్నల వైపు చూస్తూ. "పాత ఇంట్ల సగం అవ్వే తింటున్నయి."

అమ్మ నా వైపు తిరిగింది. "నీ సంగతేంది? దానికి గూడ కడుపుల నొస్తుందా?" అని సైకిలును చూపించింది. ఇంత తెలివైనవాడు ఈ ఇంట్లో ఎలా పుట్టాడా అన్నది అప్పుడే.

గది ఖాళీ అయింది. అయినా అందులోకి ఎవరూ పోలేదు. పొద్దున్నే నాయనమ్మ గడ్డకే, నాయిన గడ్డకే, సైకిలెక్కి ఫ్యాక్టరీకి పోతూ దారిలో నేనూ గడ్డకే. అమ్మ నచ్చజెప్పింది, కోపం చేసింది, చివరికి మాట్లాడటం మానేసింది. ఆమె మాట్లాడటం మానేసిందంటే ఏదో జరగబోతోందని మాకు తెలియాలి. తెలియలేదు.

పంటలు ఇంటికి వచ్చాక మా చర్చిలో కోత పండుగ జరుగుతుంది. ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి దేవునికి కానుకగా పెడతారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధన అయ్యాక బయట చెట్టు కింద వాటిని వేలం వేస్తారు. ఆ వేలమంత సరదా మాకు ఏడాదిలో ఇంకొకటి లేదు. ఒక సొరకాయ కోసం బావాబామ్మర్దులు పంతానికి పోయి పాట పెంచుకునేవారు. ఆ ఏడు హత్నూర నుంచి అక్కా బావా కూడా వచ్చారు. అక్కకు అప్పటికి కడుపు కొంచెం కనపడుతోంది. సంఘపెద్ద ఒక్కొక్కటే ఎత్తి చూపుతూ వేలం వేస్తున్నాడు. అప్పుడు అమ్మ లేచి, తెల్ల తువ్వాల కప్పిన గంపను తెచ్చి బల్ల మీద పెట్టింది. తువ్వాల తీస్తే మెరిసిపోతున్న మా ఇంటి చెంబులు. చింతపండుతో తోమించి, కొత్తగా కళాయి వేయించింది. సంఘంలో ఎవరి చెంబు ఏదో అందరికీ తెలుసు. రోజూ చూస్తున్నవే కదా.

"నా చెంబు!" అని నాయనమ్మ ఆడవాళ్ళ వరసలోంచి కేక పెట్టింది.

పాస్టరు అయ్యగారు గంపలోకి తొంగిచూసి ఇబ్బందిగా అడిగారు. "టీచరమ్మా, వట్టి చెంబులే ఉన్నయి. అండ్ల ఏమన్న పోసి తెచ్చినవా?"

"లేదయ్యగారూ. ఇగ వాటిల ఏం పోసే పని మా ఇంట్ల లేదు."

చెట్టు కింద నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. చిన్న చెంబులు తలా ఒకరు పాడుకున్నారు. నాయిన ఇత్తడి చెంబు వచ్చేసరికి మా బావ లేచి నిలబడ్డాడు. పాట పెంచాడు. ఎవరైనా పోటీ వస్తే ఇంకా పెంచాడు. చివరికి గెలిచి, చెంబును తల మీదికి ఎత్తి పట్టుకొని అమ్మకు చూపించాడు.

"అత్తా, నాలుగు గోడల నడుమ కూసుంటె నాకు రాదు. నాకు గాలి తగలాలె!"

"నీకు గాలి తగిలితె నాకేం నొప్పి లేదు అల్లుడా," అంది అమ్మ. "నా మనుమరాలి మీద ఈగ వాలొద్దు, గంతే."

మనుమరాలేనని ఆమెకు అప్పుడే ఎలా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు.

మరునాడు పొద్దున నాయిన కొట్టంలోకి వెళ్ళి వట్టి మేకును చూసుకొని వచ్చాడు. వంటింట్లో చెంబులకు కొదవ లేదు. కాని ఇంట్లోని గిన్నె బయటికి పోదన్న చట్టం ఉందిగా. ఆయన ప్రాణం పోయినా దాన్ని మీరడు. సండాసులో మాత్రం అమ్మ ఒక రేకు డబ్బాను గొలుసుతో గోడకు కట్టి ఉంచింది. నాయిన పెరట్లో అటూ ఇటూ కాసేపు పచార్లు చేసి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక లోపలికి వెళ్ళాడు. మేం అందరం కిటికీలోంచి చూస్తున్నాం. తర్వాత నాయనమ్మ. ఆమె బయటికి వచ్చి, లోకంలో ఇంతవరకు ఎవరూ కనిపెట్టని సంగతిని మాకు చెప్పింది: "లోపట సలి వెడ్తలేదురా!"

ఆమె బాధ ఒక్కటే. గడ్డ మీద దొరికే ముచ్చట్లు పోయాయి. ఎవరి కోడలు అలిగింది, ఎవరి బర్రె ఈనింది అన్నీ అక్కడే తెలిసేవి. కొద్దిరోజులకు ఆ ముచ్చట్లే నాయనమ్మను వెతుక్కుంటూ మా పెరటి గోడ దగ్గరికి రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా? "పెద్దమ్మా, జెర లోపట సూసి వస్త," అని ఒకతె, "నేనూ సూస్త" అని ఇంకొకతె. నాయనమ్మ తలుపు పక్కన పీట వేసుకొని కూర్చొని, నీళ్ళు సరిగ్గా పోశారో లేదో, చేతులు సబ్బుతో కడిగారో లేదో విచారించి మరీ పంపేది. చదువురాని మా నాయనమ్మ ఆ రోజుల్లో అమ్మకంటే పెద్ద టీచరు. ఊళ్ళో మమ్మల్ని సండాసోళ్ళు అనడం మొదలుపెట్టారు. మొదట్లో నేను ముఖం దాచుకునేవాణ్ణి. మా ఇంటి ప్రతిష్ఠ ఇంటి వెనుక నుంచి మొదలైందని అర్థం కావడానికి నాకు ఇంకో వానాకాలం పట్టింది.

ఎండాకాలం చివర అక్కకు ఆడపిల్ల పుట్టింది. వానలు పడ్డాయి. బిడ్డను చూడటానికి బావ వచ్చాడు, సంచీలో చెంబు పెట్టుకొని. రోజూ పొద్దున మా సండాసు ముందు నుంచే చెంబు ఊపుకుంటూ, "గాలి తగలాలె, గాలి!" అని పాటలా అంటూ గడ్డకు పోయేవాడు. అమ్మ కాచిన నీళ్ళు ఇస్తే, "నీళ్ళను గూడ వండుతరా అత్తా మీ ఇంట్ల?" అని నవ్వి, దోస్తుల ఇళ్ళలో బావినీళ్ళు తాగి వచ్చేవాడు. అంతలో ఊళ్ళో గత్తర అన్న మాట వినపడింది. మా వీధి చివర ఇంట్లో ఒక పసివాడు పోయాడు. అమ్మ ఆ ఇంటికి వెళ్ళి వచ్చి, స్నానం చేసి, చాలాసేపు వాకిట్లో ఒంటరిగా కూర్చుంది.

ఆ మరుసటి రోజే బావకు మొదలైంది. మొదటిసారి వానలో చెంబు పట్టుకొని గడ్డదాకా పోయాడు. రెండోసారి సగం దారిలోనే తిరిగి వచ్చాడు. మూడోసారి మా పెరడు దాటలేక గోడ పట్టుకొని నిలబడిపోయాడు. ఆరడుగుల మనిషి వణికిపోతున్నాడు. అమ్మ సండాసు తలుపు తెరిచి పట్టుకొని పక్కకు తప్పుకుంది. ఆయన తల దించుకొని లోపలికి పోయాడు.

సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోదామంటే ఒర్రె పొంగి దారి మూసుకుపోయింది. అది తగ్గేవరకు అమ్మే డాక్టరు. ఇంట్లో ఒక కొసన అక్కా పసిపిల్లా, ఇంకో కొసన బావ. మధ్యలో అమ్మ గీసిన గీత. ఉప్పు వేసిన గంజి, కాచి చల్లార్చిన నీళ్ళు ఆయనకు గుక్క గుక్కగా తాగిస్తూనే ఉంది. నీళ్ళు తోడటం, కాచడం, సండాసులో సున్నం చల్లడం, ఆయన గుడ్డలు మరగబెట్టడం నా వంతు. ఆయన్ను ముట్టుకున్న చేతితో అక్క గది గడప ముట్టుకోకూడదు. నేను ఒకసారి మరచిపోయి బిడ్డను చూద్దామని తలుపు మీద చెయ్యి వేయబోతే అమ్మ పెట్టిన కేకకు ఊయలలో పిల్ల లేచి ఏడ్చింది. ఆ ఏడుపు విని అమ్మ ముఖంలో భయం కొంచెం తగ్గడం చూశాను. ఏడ్చే ఓపిక ఉన్న పిల్ల బాగున్నట్టే. బావ తెరుచుకోని ఆ తలుపు వైపు చూస్తూ, "ఒక్కపారి సూపియ్యవా అత్తా?" అని అడిగాడు. "లేసి తిరుగు, అప్పుడు ఎత్తుకుందువు గని," అంది అమ్మ. ఒర్రె తగ్గేసరికి ఆయన లేచి కూర్చున్నాడు. గత్తర మా గడప లోపలికి వచ్చింది, కాని ఆ గీత దాటలేదు. అమ్మ తీయించిన ఆ గుంటలోకి పోయి అక్కడే ఉండిపోయింది.

హత్నూరకు తిరిగి పోయేనాడు బావ నన్ను కొట్టం వెనక్కి పిలిచాడు. "బామ్మర్దీ, నీ కాళ్ళు మొక్కుత. నేను మీ సండాసుల కూసున్నట్టు హత్నూరల చెప్పకురా. ఇజ్జత్ పోతది." చెప్పనని మాటిచ్చాను. అమ్మ కూడా విన్నదేమో, "పానం బాగలేనోణ్ణి చూసి నవ్వొద్దు బిడ్డా," అంది నాతో. నవ్వలేదు. కాని బావ మాత్రం హత్నూర చేరి ఓపిక రాగానే నా సైకిలు కథ ఊరంతా చెప్పాడు. నా పెళ్ళిలో పెళ్ళికూతురు వాళ్ళకు చెప్పాడు. నా పిల్లలకు, వాళ్ళ పిల్లలకు చెప్పాడు. నేను ఇచ్చిన మాట మీద కూర్చొని ఆయన మాటలన్నీ విన్నాను.

ఆ తర్వాతి వానలకల్లా మా వీధిలో ఇంకొన్ని గదులు లేచాయి, అన్నీ మా గుంట కొలతకే. సర్పంచి మనిషిని పంపి చూసి రమ్మన్నాడు. అమ్మ తన పై తరగతి పిల్లలను వరసగా తీసుకువచ్చి, ఆ తలుపు తెరిచి పాఠం చెప్పేది. ఎన్నో ఉద్యోగాలు, ఊళ్ళు మారాను, నా పేరు ముందు రకరకాల పదవులు తగిలించుకున్నాను. కాని సండాసోళ్ళ కొడుకు అన్నదానికంటే పెద్ద బిరుదు నాకు దొరకలేదు. ఇప్పుడు మనిషికొక బాత్రూము ఉంది. మీట నొక్కితే అంతా మాయం. ఎక్కడికి మాయమైంది అని అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడిగాను. "ట్యాంకరొచ్చి తీస్కపోతది సార్," అన్నాడు. ఎక్కడికి అంటే అతనికి తెలియదు. కిటికీలోంచి చూస్తే దిగువన అమీన్‌పూర్ చెరువు. అమ్మ ఉంటే వాన వచ్చినప్పుడు గొంగడి కప్పుకొని అక్కడ నిలబడేది. నీళ్ళు ఏడికెల్లి వస్తున్నయి, ఏడికి వోతున్నయి అని చూసేదాకా ఇంటికి వచ్చేది కాదు.

ఇలా అనుకుంటూ కిటికీ దగ్గరి నుంచి హాల్లోకి తిరిగేసరికి నా కళ్ళు షోకేసు మీద పడ్డాయి. అద్దం వెనుక, దీపం వెలుగులో, మధ్య అరలో మా నాయిన ఇత్తడి చెంబు. అందులో ప్లాస్టిక్ గులాబీలు. పాతకాలపు వస్తువని మేనకోడలు ముచ్చటపడి పెట్టుకుందట. పుట్టిన మొదటి వానాకాలంలో, అమ్మ గీసిన గీతకు అవతల ఊయలలో ఏడ్చిన పిల్ల అదే. ఇప్పుడు దాని జుట్టూ నెరిసింది. చుట్టాలందరూ ప్లేట్లు పట్టుకొని నిలబడి ఉన్నారు. నేను మెల్లగా అద్దం జరిపి, గులాబీలు తీసి పక్కన పెట్టి, చెంబు చేతిలోకి తీసుకున్నాను. అదే బరువు.

"బావా," అన్నాను గట్టిగా. "నాలుగు గోడల నడుమ నాకు రాదు. గాలి తగలాలె. గడ్డ ఎటు దిక్కు?"

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కుర్చీలో కూలబడి నవ్వుతోంది. బావ ముఖం నలభై ఏళ్ళు వెనక్కి, మా పెరటి గోడ దగ్గరికి పోయింది. "గడ్డ ఏంది మామా? చెంబు కథేంది?" అని మేనకోడలు నా పక్కకు వచ్చింది.

"బామ్మర్దీ! మాటిచ్చినవ్ రా!"

"ఇచ్చిన బావా. హత్నూరల చెప్పనని ఇచ్చిన. గిది అమీన్‌పూర్," అని, చెంబును అందరికీ కనపడేలా ఒళ్ళో పెట్టుకొని, సోఫాలో తీరిగ్గా కూర్చొని, వానతో మొదలుపెట్టాను.